బ్యాటరీ కోసం బరంపురమంతా

మళ్లీ అదే మాట. "ఆ మోడల్ ఆగిపోయింది సార్, కొత్తది తీసుకోండి." బరంపురంలో ఇది నాలుగో షాపు. నేనడిగింది కెమెరా కాదు బాబూ, దాంట్లో పెట్టే బీఎల్ఎన్-1 బ్యాటరీ!

నా ఒలింపస్ పెన్-ఎఫ్ డిజిటల్ కెమెరా 2016లో వచ్చింది. పేరూ పోలికా 1963 నాటి ఫిల్మ్ కెమెరావి. 20 మెగాపిక్సెళ్లే, వీడియో అంతంతమాత్రం. అయితే ఏం? ముందున్న బుల్లి చక్రం తిప్పితే చాలు, రంగులు పోయి నలుపు తెలుపు. 17 ఎంఎం లెన్సు రింగు వెనక్కి లాగితే టక్కున దూరాల అంకెలు బయటపడతాయి. గోపాలపూర్ ఒడ్డున వలలు దులిపేటప్పుడు 2 మీటర్ల దగ్గర పెట్టేసుకుంటే ఇక ఫోకస్ గొడవే ఉండదు.

"ఫోన్‌లో ఇంతకంటే బాగొస్తాయి కదా బావా" అంటాడు మా బావమరిది. వాడికేం చెప్తాం!

ఉన్న రెండు బ్యాటరీల్లో ఒకటి ఉబ్బిపోయింది. రెండోది పెళ్లి ఊరేగింపు వీధి మలుపు తిరక్కుండానే ప్రాణం వదిలేస్తోంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన డూప్లికేటుదైతే అసలు లోపలికే దూరలేదు. డబ్బులు మాత్రం దూరిపోయాయి.

ఆదివారం విశాఖ బండెక్కాలి, తప్పదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.