చైనుకి తలంటు

మా అబ్బాయి హాస్టల్‌కి వెళ్లాక వాడి సైకిల్ రెండేళ్లు మా బాల్కనీలోనే ఉండిపోయింది. తువ్వాళ్లు ఆరేసుకోవడానికి బాగానే పనికొచ్చేది. మొన్నామధ్య డాక్టరుగారు నా రిపోర్టులు చూసి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చూసి, "రోజూ కాస్త ఒళ్లు కదపండి" అన్నారు. ఆ సాయంత్రమే తువ్వాళ్లు తీసేశాను.

విశాఖలో బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తే చుట్టాలు కుళ్లుకుంటారు గానీ, ఆ ఉప్పుగాలి ఇనుముని ఎలా నమిలేస్తుందో వాళ్లకేం తెలుసు? కురుసుర సబ్‌మెరైన్ 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి, 2002లో మ్యూజియమై బీచ్ ఒడ్డున స్థిరపడింది. ఇప్పటికీ పెళ్లికొడుకులా ఉంటుంది. మా సైకిల్ చైను మాత్రం రెండేళ్లకే బెల్లంపాకం రంగుకి తిరిగింది.

"అలాగే ఎక్కేసి వెళ్లిపోకండి. అన్నీ చూసుకుని మరీ ఎక్కండి" అంది మా ఆవిడ. నాకు చెప్పాలా! గ్యాస్ కట్టేశానో లేదో అని గోపాలపట్నం దాకా వెళ్లి వెనక్కొచ్చిన చరిత్ర నాది.

కాగితం మీద జాబితా రాసుకుని, పెన్ను చెవిలో పెట్టుకుని మొదలుపెట్టాను. ఎంత గాలి కొట్టాలో టైరు పక్కనే అచ్చేసి ఉంటుందని నలభై ఎనిమిదో ఏట తెలిసింది. ఇన్నాళ్లూ బొటనవేలితో నొక్కి, "చాల్లే" అనడమే. బ్రేకులు నొక్కి చూశాను. రబ్బరు కట్టలు రిమ్ముని ఉడుంపట్టు పట్టాయి. టిక్కు. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి హ్యాండిల్‌ని అటూ ఇటూ తిప్పి చూడాలట. వదులుగా ఉంటే చక్రం ఒక దారి, హ్యాండిల్ ఒక దారి అవుతాయి. ఆ భంగిమలో ఉండగా పక్క ఫ్లాటు పెద్దాయన తలుపు తీసి, "కుస్తీయా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా తలుపేసుకున్నారు. తర్వాత సైకిల్‌ని జానెడెత్తు లేపి వదిలేస్తే, వదులుగా ఉన్న నట్లు చప్పుడు చేస్తాయట. వదిలాను. కింది ఫ్లాటువాళ్లు చప్పుడు చేశారు. చివరికి బెల్లు. ట్రింగు ట్రింగు. టిక్కు.

అక్కడితో ఊరుకోవాల్సింది. ముందు టైరులో గాజుపెంకేమైనా దిగిందేమోనని అనుమానం వచ్చింది. అనుమానమొస్తే నేను ఆగను. చక్రం ఊడదీశాను. ఆ సైకిల్‌కి బ్రేకు పైన ఓ వంకర గొట్టం ఉంటుంది. దాన్ని కొక్కెంలోంచి తప్పిస్తే బ్రేకు చేతులు రెండూ విడిపోయి, టైరుకి దారిస్తాయి. తప్పించాను. పెంకూ లేదు, ముల్లూ లేదు. చక్రం మళ్లీ పెట్టి, పళ్లు బిగబట్టి నట్లు బిగించాను. గొట్టం సంగతి నాకు గుర్తులేదు. దానికి జాబితాలో గడి లేదు మరి.

ఇక చైను. కుట్టుమిషన్ నూనె వేద్దామంటే సీసా ఖాళీ. బాత్‌రూమ్ అలమరలో కొబ్బరినూనె కనిపించింది. చైనుకి చుక్క చుక్కగా వేసి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయాలట. మన చెయ్యి చుక్కల చెయ్యి కాదు. పోస్తూ, పెడల్ గిరగిరా తిప్పుతుంటే నూనె వెనక రిమ్ము దాకా చిందింది. సైకిల్ మొత్తం నిగనిగలాడుతోంది. చూస్తే ముచ్చటేసింది. బ్రేకులకి టిక్కు ఎప్పుడో పెట్టేశాను కదా, మళ్లీ నొక్కి చూడలేదు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. సిరిపురం వైపు ఉండేవాళ్లు బీచ్‌కి వెళ్లాలంటే ఏదో ఒక డౌన్ దిగాల్సిందే. మా ఊళ్లో దిగుడు రోడ్డుని డౌన్ అనే అంటాం. నేను పాండురంగాపురం డౌన్ పట్టుకున్నాను. మొదట చల్లగాలి మొహానికి తగిలి హాయిగా ఉంది. హాయి కాస్త ఎక్కువవుతోందనిపించి ముందు బ్రేకు నొక్కాను. లివరు వచ్చి హ్యాండిల్‌కి మెత్తగా అతుక్కుపోయింది. అంతే. వెనక బ్రేకు నొక్కాను. అది పట్టుకోబోయి, జారి, దోసె పెనం మీద గరిటె తిప్పినట్టు సుయ్యిమంది.

నా దగ్గర మిగిలింది బెల్లొకటే. అది మాత్రం అద్భుతంగా పనిచేసింది. దారి పొడుగునా కొడుతూనే ఉన్నాను. వాకింగుకి వచ్చినవాళ్లు నేనేదో సంబరంలో ఉన్నాననుకుని చేతులూపారు. ఒకాయనైతే "శభాష్" అన్నారు. కాళ్లు నేలకి ఆనిస్తే ఎడం కాలి చెప్పు నాతో రానని అక్కడే ఉండిపోయింది. ఎదురుగా సముద్రం పెద్దదవుతూ ఉంది. ఇల్లు కట్టుకునేవాళ్లు రోడ్డు మీద ఇసుక పోస్తే నేను తిట్టుకుంటూ పోతాను, ఎప్పుడూ. ఆ రోజు మాత్రం అలాంటి కుప్పే ఒకటి దేవుడిలా కనిపించింది. మోకాళ్ల దాకా అందులోకి దిగబడి ఆగాను. సైకిల్ నా మీద, నేను ఇసుక మీద. బెల్లు తనంతట తానే ఇంకోసారి మోగింది.

నడిపించుకుంటూ సైకిల్ షాపుకి తీసుకెళ్లాను. షాపతను వంగి, ముందు బ్రేకు గొట్టాన్ని రెండు వేళ్లతో కొక్కెంలోకి టక్కున తోశాడు. తర్వాత వెనక రిమ్ముని వేలితో రాసి, వాసన చూశాడు.

"ఏటి బాబూ, చైనుకి తలంటు పోసీసారేటి?"

రిమ్ముని సబ్బునీళ్లతో కడిగి, బ్రేకు కట్టల్ని ఎమరీ పేపరుతో రుద్ది ఇచ్చాడు. డబ్బులిస్తే, "ఇంటికాడ మీరేటీ ముట్టకండి, అదే సాలు" అని యాభై రూపాయలే ఉంచుకున్నాడు.

ఇంటికొచ్చి జరిగిందంతా మా ఆవిడకి చెప్పాను. డౌన్‌ని కాస్త పొడుగు చేసి, ఇసుక కుప్పని కాస్త చిన్నది చేసి. మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా వింది.

"అయితే కొబ్బరినూనె మొత్తం పోసేశారన్నమాట" అంది.