చల్లారిన కారు చెప్పని సంగతి

ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. జాతీయ రహదారి మీద ఎచ్చెర్ల దాటాక మిత్రుడి పాత స్పోర్ట్స్ కారు, ఎవరో తాళం తిప్పి ఆపినట్టు ఆగిపోయింది. కుదుపు లేదు, దగ్గు లేదు. తొంభైల నాటి రెండు సీట్ల బండి అది. ఇరవై నిమిషాలు చెట్టు నీడన పెట్టి మళ్లీ తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. తర్వాత రెండు నెలల్లో శ్రీకాకుళంలోని ఒక షెడ్డుకు మూడుసార్లు వెళ్లింది. మొదట ప్లగ్గులు మారాయి, తర్వాత పెట్రోలు పంపు, ఆపైన స్పార్కుకు కరెంటిచ్చే కాయిల్. ప్రతిసారీ ఏడు రోడ్ల కూడలి దాకా ఒక చుట్టు తిప్పి, బాగైపోయిందన్నారు. నిజంగానే బాగుంది. ఆ కాస్త దూరానికి ఇంజిన్ గది వేడెక్కితే కదా!

నా ఫిర్యాదు మెకానిక్ పనితనం మీద కాదు, పని మొదలుపెట్టిన చోటు మీద. వేడికి వచ్చి చల్లారితే పోయే జబ్బుకు సాక్ష్యం, బండి రోడ్డు పక్కన నిలిచి ఉన్న ఆ ఇరవై నిమిషాల్లోనే ఉంటుంది. షెడ్డుకు చేరేది ఆరోగ్యంగా ఉన్న కారు. దాన్ని పరీక్షించి ఏం లాభం? అందుకే ఊహ మీద ఒక్కో భాగం మారుతుంది, బిల్లు పెరుగుతుంది.

ఆగిన క్షణంలో మొదట చూడవలసింది ఇంజిన్ తిరిగే వేగం చూపే ఆర్పీఎం ముల్లు. కారు గేరులోనే దొర్లుతుంటే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి. అయినా ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోయిందంటే స్పార్కు వైపు సంకేతమే తెగిందని అర్థం, ఎందుకంటే పాత కార్లలో చాలావాటికి ఆ ముల్లు కాయిల్ సంకేతంతోనే కదులుతుంది. ముల్లు వేగంతో పాటు మెల్లగా దిగుతూ, ఇంజిన్ ఈడ్చుకుంటూ ఆగితే అనుమానం పెట్రోలు మీదికి మళ్లాలి. డాష్‌బోర్డు మొత్తం చీకటైతే బ్యాటరీ టెర్మినల్, ఇగ్నిషన్ స్విచ్ చూడాలి. మా మిత్రుడి కారులో ముల్లు టపీమని పడింది, హెచ్చరిక దీపాలు మాత్రం వెలిగాయి. ఈ ఒక్క సంగతి మొదటిరోజే ఎవరైనా అడిగి ఉంటే పంపు జోలికి వెళ్లేవారు కాదు.

పంపు మీద నింద పడటానికి కారణం లేకపోలేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న చాలా కార్లలో తాళం ఆన్ చేయగానే వెనక నుంచి రెండు సెకన్లు పంపు గుయ్‌మంటుంది. ఆగినప్పుడు ఆ చప్పుడు రాలేదని మిత్రుడు చెప్పాడు, షెడ్డులో పంపు పోయిందన్నారు. పంపు దాకా కరెంటు వచ్చిందా అని ఎవరూ చూడలేదు. పంపు వైరుకు టెస్టు లాంపు ఆనిస్తే అర నిమిషంలో తేలే విషయం అది. కాయిల్ కూడా మారాక మళ్లీ ఆగినప్పుడు రోడ్డు పక్కనే ఆ పని చేశాం. దీపం వెలగలేదు. స్పార్కూ లేదు, పంపుకు కరెంటూ లేదు. రెండింటికీ దారి ఒకటే, కరెంటును కలిపి తెంచే స్విచ్‌లాంటి మెయిన్ రిలే.

పట్టణంలో పాతకాలపు వైరింగు ఎలక్ట్రీషియన్ ఒకాయన దాని మూత విప్పి భూతద్దం కింద పెట్టాడు. ఒక కాలు (పిన్ను) చుట్టూ టంకంలో వెంట్రుకంత సన్నని గుండ్రటి పగులు. వేడికి లోహం వ్యాకోచించి ఆ పగులు విడిపోతుంది, చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది. ఈ వ్యాధి కొత్తదేమీ కాదు. జర్మన్ స్పోర్ట్స్ కారు పోర్షే 944 యజమానులు ఇలాంటి రిలేను స్పేరుగా డాష్‌బోర్డు అరలో పెట్టుకుని తిరగడం ప్రపంచమంతా తెలిసిన అలవాటు. అందులోనూ ఇంజిన్‌ను నడిపే కంప్యూటరుకు, పంపుకు కరెంటు అందించేది ఆ ఒక్క రిలేయే.

ప్రతి కారుకూ రిలేయే కారణం అనను. ఇంజిన్ తిరుగుడును కనిపెట్టే క్రాంక్ సెన్సరు లోపలి తీగ చుట్టు కూడా వేడికి తెగి, చల్లారాక కలుస్తుంది. లక్షణాలు దాదాపు ఇవే. కానీ అప్పుడు తాళం ఆన్ చేస్తే పంపు చప్పుడు మామూలుగా వినిపిస్తుంది. కళింగపట్నం వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్ల ముందు నిలిపే బండ్లకైతే ఎర్త్ వైరు కొనలు పచ్చగా చిలుము పట్టడం మరో బెడద. మధ్యలో ఎవరో బిగించిన అలారం వైర్లు, టేపు చుట్టిన అతుకులు ఉంటే నేను ముందు వాటినే అనుమానిస్తాను. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను దెబ్బతీయగలదు, నిజమే. కానీ టపీమని ఆగిన ప్రతి బండికీ ఇథనాల్‌నే తిట్టడం ఇప్పుడొక ఫ్యాషన్ అయింది.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఇంజిన్ ఆగాక బ్రేకుకు ఒకటి రెండు తొక్కుల సాయం మాత్రమే మిగులుతుంది. పదేపదే తొక్కకుండా గట్టిగా నొక్కిపట్టి పక్కకు తీయాలి. బండి పూర్తిగా ఆగేదాకా తాళం వెనక్కి తిప్పి తీయకూడదు, స్టీరింగు లాక్ పడుతుంది.

రిలేకు టంకం వేయడానికి పది నిమిషాలు పట్టింది. ఈసారి ట్రయల్ ఏడు రోడ్ల కూడలి దాకా కాదు, మండుటెండలో రణస్థలం వరకు వెళ్లి వచ్చాం. ఏ దోషమూ లేని పాత పంపు ఇంకా డిక్కీలోనే ఉంది, గుడ్డలో చుట్టి.