స్త్రీల సంబంధమైనవి, మూడు కేజీలు

రాజమండ్రిలో మే నెల మధ్యాహ్నం. కరెంటు పోయి ముప్పావు గంటైంది. సత్యవతి చాప మీద కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుకుంటోంది. ఆవిడ భర్త రామ్మూర్తి హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయనకి వేసవి సెలవులు, అంటే ఆవిడకి లేవన్నమాట. గోనెసంచి ఒకటి ఈడ్చుకుంటూ గుమ్మంలోకొచ్చాడు. రెండో చేతిలో కూరలు తరిగే కత్తి.

సత్యవతి: ఆ కత్తి కోసం పొద్దున్నుంచి ఇల్లంతా వెతుకుతున్నాను. బెండకాయలు చేత్తో తుంపాను.

రామ్మూర్తి: కత్తి సంగతి వదిలెయ్. సంచిలో ఏముందో అడుగు.

సత్యవతి: అడగను. అడిగితే చెప్తారు.

రామ్మూర్తి: అశోక బెరడు! మూడు కేజీలు. ఒక పాలు బెరడుకి పదహారు పాళ్లు నీళ్లు పోసి, నాలుగో వంతుకి దిగేదాకా మరిగించాలి. రోజుకి రెండు పూటలు, నలభై రోజులు.

సత్యవతి: మూడు పదహార్లు నలభై ఎనిమిది. అంత నీళ్లు పట్టే గుండిగ కావాలంటే సత్రంలో అడగాలి. ఇంతకీ దేనికిది?

రామ్మూర్తి: అదే... నీకు... అవి ఉన్నాయి కదా...

సత్యవతి: ఏవి?

రామ్మూర్తి: (గొంతు తగ్గించి) స్త్రీల సంబంధమైనవి.

సత్యవతి: ఇంట్లో ఉన్నది మనిద్దరం. నెలసరి అనండి, ఏం కాదు.

రామ్మూర్తి: పక్క ఫ్లాట్ కిటికీలు తెరిచున్నాయే!

సత్యవతి: పాతికేళ్లుగా ప్యాడ్లు తెమ్మంటే న్యూస్‌పేపర్లో చుట్టించి, మీద నల్ల కవరు వేయించి, బాంబు తెచ్చినట్టు తెస్తారు. ఇవాళ స్త్రీల సంబంధమైనవి గోనెసంచిలో వేసుకుని మూడంతస్తులూ దడదడలాడిస్తూ ఈడ్చుకొచ్చారా?

రామ్మూర్తి: నాలుగు నెలలుగా చూస్తూనే ఉన్నాను. ఓసారి ఇరవై రోజులకే, ఓసారి యాభై రోజులకి. వస్తే పది రోజులు వదలదు. వంటింటి గట్టు పట్టుకుని నిలబడుతున్నావు. ఉన్నట్టుండి ఒళ్లంతా చెమటలు.

సత్యవతి: రాజమండ్రిలో, మే నెలలో, చెమటలు. డాక్టరేట్ ఇవ్వాలి మీకు.

రామ్మూర్తి: జనవరిలో కూడా పట్టాయి. రాత్రి రెండింటికి లేచి ఫ్యాను ఐదులో పెట్టావు. నేను రెండు దుప్పట్లు కప్పుకున్నాను. డైరీలో రాసుకున్నా, కావాలంటే చూడు.

(విసనకర్ర ఒక్క క్షణం ఆగింది. డైరీ సంగతి ఆవిడకి ఇప్పుడే తెలిసింది. కానీ ఇప్పుడు మెత్తబడితే మూడు కేజీల బెరడూ వంటింట్లోకి వచ్చేస్తుంది. మళ్లీ విసురుకోవడం మొదలెట్టింది.)

సత్యవతి: ఎంత పెట్టి కొన్నారు?

రామ్మూర్తి: కొనడమా! మన కాంపౌండు గోడ వెంబడి బారుగా ఉన్నాయిగా, పన్నెండు అశోక చెట్లు. ఇన్నేళ్లూ మందు ఎదురుగా పెట్టుకుని మందులషాపుల చుట్టూ తిరిగాం.

సత్యవతి: ఒక్క ఆకు చూపించండి.

(జేబులోంచి తీసిచ్చాడు. సన్నగా, జానెడు పొడుగు. అంచులు అలల్లా ముడతలు పడి ఉన్నాయి.)

సత్యవతి: ఇది నరమామిడి.

రామ్మూర్తి: అందరూ అశోక చెట్టనే అంటారు!

సత్యవతి: అందరూ మిమ్మల్ని హెడ్మాస్టారుగారనీ అంటారు. అయ్యారా?

రామ్మూర్తి: సీనియారిటీ లిస్టు ఇంకా కోర్టులో ఉంది.

సత్యవతి: మా నాన్న కడియపులంక నర్సరీల్లో నలభై ఏళ్లు అంట్లు కట్టాడండీ. నాకు పలక కంటే ముందు ఆకులు తెలుసు. అసలు అశోకానికి ఒక్కో ఈనెకి నాలుగైదు జతల ఆకులుంటాయి. చిగురు రాగిరంగులో, ఉతికి ఆరేసిన సిల్కు గుడ్డలా కిందికి జారుతూ ఉంటుంది. శివరాత్రి రోజుల్లో పూస్తే గుత్తులు కొమ్మకే అంటుకుని ఉంటాయి. ముందు నారింజ రంగు, పోనుపోను ఎరుపు. నర్సరీలో సీతాశోకం అని అడగాలి. ఉత్త అశోకం అంటే మీరు కోసుకొచ్చిందే చేతిలో పెడతారు.

(మాస్టారి తరఫున ఒక్క మాట. ఈ పొరపాటు ఆయనొక్కడిదే కాదు. మూలికల వ్యాపారంలోనూ అశోక బెరడు పేరుతో నరమామిడి బెరడు కలిసి పోతుంటుంది. అసలు చెట్టేమో ఒలవగా ఒలవగా అడవుల్లో తగ్గిపోయి, ముప్పున్న జాబితాకెక్కింది. ముక్కలైన బెరడులో తేడా పట్టాలంటే మైక్రోస్కోపు కావాలి. ఈయన దగ్గరున్నది కూరల కత్తి.)

రామ్మూర్తి: సరే, బెరడు పక్కన పెట్టు. ఇదిగో, ఇది కొన్నాను. అతిమధురం. ఇందులో కల్తీ లేదు.

సత్యవతి: నేను రోజూ వేసుకునే మాత్ర దేనికండీ?

రామ్మూర్తి: థైరాయిడ్‌కి.

సత్యవతి: రెండోది?

రామ్మూర్తి: బీపీకి.

సత్యవతి: అతిమధురం రోజూ తాగితే ఒంట్లో ఉప్పూ నీరూ నిలవేసి బీపీ ఎక్కుతుంది. ఇంకా ఏం తెచ్చారు? పెన్నేరుగడ్డా, అశ్వగంధ అంటారే, అదా? అది థైరాయిడ్ లెక్కల్ని అటూ ఇటూ చేస్తుంది. మీకు లెక్క తప్పితే బోర్డు తుడుచుకోవచ్చు.

రామ్మూర్తి: పోనీ అశోకారిష్టం సీసా కొనేద్దాం.

సత్యవతి: పులియబెట్టిన మందది. అందులో దానంతటదే ఆల్కహాలు పుడుతుంది. సీసా మీదే రాసుంటుంది.

రామ్మూర్తి: అలాగా! ఎంత శాతం?

సత్యవతి: చూశారా, కరెంటు లేకపోయినా మొహం వెలిగింది.

రామ్మూర్తి: అసలు నీకు మూలికలంటే నమ్మకం లేదు.

సత్యవతి: నాకా? అమ్మాయి పెద్దమనిషైతే నువ్వులూ బెల్లం రోట్లో వేసి చిమ్మిలి దంచింది ఎవరు? కానుపైతే శొంఠి, పిప్పళ్లు, మిరియాలు నెయ్యిలో వేయించి కాయం చేసింది ఎవరు? మా అమ్మమ్మ కడుపునొప్పికి వాము కషాయం పెట్టేది, వేడినీళ్ల కాపడం పెట్టేది. అదే గడ్డలు గడ్డలుగా పోతోందంటే మాత్రం పొయ్యి వెలిగించేది కాదు, బండి కట్టించేది ఆస్పత్రికి.

రామ్మూర్తి: ఆస్పత్రికెళ్తే... (ఆగాడు. సంచి మూతి ముడి వేశాడు, విప్పాడు.) మా అక్కయ్యకి ముప్పై మూడేళ్లకే గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అని వెళ్లింది. స్కాన్ కూడా సరిగ్గా చెయ్యలేదు. నలభై రాకుండానే కీళ్లు పట్టేశాయి. 2019–21లో ప్రభుత్వం కుటుంబ ఆరోగ్య సర్వే చేసింది చూడు, గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో దేశంలో ముందున్నవి మన రెండు తెలుగు రాష్ట్రాలే. అంకెలు చూస్తే నాకు నిద్రపట్టలేదు. అందుకని...

సత్యవతి: అందుకని పొద్దున్నే లేచి చెట్టు చర్మం ఒలిచారు.

రామ్మూర్తి: ఒక పక్కే ఒలిచాను. స్కేలుతో గీత గీసి మరీ.

సత్యవతి: నేను వెళ్లొచ్చానండీ.

రామ్మూర్తి: ఎక్కడికి?

సత్యవతి: డాక్టరమ్మ దగ్గరికి. మీరు స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లిన రోజు. హిమోగ్లోబిన్ 8.4. 12 ఉండాలట. స్కాన్‌లో చిన్న గడ్డ ఉంది, రేగుపండంత. కోత గురించి ఆవిడ కాదు, నేనే ముందు అడిగాను. ఇప్పుడు అక్కర్లేదంది. బ్లీడింగ్ తగ్గడానికి మాత్రలు, రక్తానికి ఐరన్. అవీ సరిపోకపోతే లోపల పెట్టే హార్మోన్ లూప్ ఉందట. మూడు నెలలయ్యాక మళ్లీ చూద్దామంది.

రామ్మూర్తి: నాకొక్క మాట చెప్పలేదే!

సత్యవతి: ఏమని చెప్పను? పేరెత్తితే కిటికీలు మూయమంటారు.

(మాస్టారు కాసేపు ఆకు అంచులు లెక్కపెట్టాడు.)

రామ్మూర్తి: ఐరన్ మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావు?

సత్యవతి: పదకొండింటికి. థైరాయిడ్ మాత్రకీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. సరిగ్గా అప్పుడే మీరు అల్లం టీ పెట్టి తెస్తారు. టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు.

రామ్మూర్తి: మరి రోజూ తాగుతున్నావుగా?

సత్యవతి: బాల్కనీలో మనీప్లాంటు తాగుతోంది.

రామ్మూర్తి: అందుకా అది వారం నుంచి అలా వాలిపోయింది! ఎరువు కూడా వేశాను దానికి.

సత్యవతి: రేపట్నుంచి టీ బదులు నిమ్మకాయ పిండి ఇవ్వండి. దాంతో బాగా పడుతుంది.

రామ్మూర్తి: ఎన్ని చుక్కలు?

సత్యవతి: మళ్లీ మొదలెట్టకండి.

(తలుపు చప్పుడు. వాచ్‌మన్.)

వాచ్‌మన్: ఆయ్, మేస్టారండీ! మూడో చెట్టుకి ఎవరో బెరడు ఒలిచేశారండి. స్కేలు పెట్టి గీసినట్టు ఒలిచారండి. కరెంటు రాగానే కెమెరా చూస్తామంటున్నారండి ప్రెసిడెంటుగారు.

(అప్పుడే ఫ్యాను కిర్రుమని కదిలింది.)

రామ్మూర్తి: (గుసగుసగా) ఇప్పుడేం చెప్పనే?

సత్యవతి: స్త్రీల సంబంధమైనదని చెప్పండి. ఇంక ఎవరూ ఏమీ అడగరు.