యుద్ధం ట్రక్కు ఇంజన్‌ను నిజంగా మార్చేసిందా?

"రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికా కొత్త ట్రక్కు ఇంజన్లు కనిపెట్టింది. 1945 అయ్యీ కాగానే అవే మామూలు ట్రక్కుల్లోకి వచ్చేశాయి. అందుకే ఆనాటి బండ్లు అంత మొండివి." పాత బండ్లంటే పడిచచ్చేవాళ్ల మధ్య ఈ మాట తెగ తిరుగుతోంది. వినడానికి బాగుంది, అంతే.

ముందు ఆ "కొత్త ఇంజన్ల" సంగతి. సైన్యానికి ఐదు లక్షలకు పైగా తయారైన జీఎంసీ కంపెనీ సీసీకేడబ్ల్యూ అనే ట్రక్కులో ఉన్నది 4.4 లీటర్ల సిక్స్ సిలిండర్ పెట్రోల్ ఇంజన్. 1941 చివర్లో పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడి అమెరికా యుద్ధంలోకి దిగేనాటికే ఆ ట్రక్కులు ఫ్యాక్టరీ దాటుతున్నాయి. రష్యాకు ఎక్కువగా వెళ్లిన స్టూడీబేకర్ యూఎస్6 ట్రక్కులో ఉన్నదైతే స్టూడీబేకర్ ఇంజనే కాదు, హెర్క్యులీస్ కంపెనీది. అదీ యుద్ధానికి ముందుదే. కొత్తది గీసి, పరీక్షించి, లోపాలు సరిదిద్దుకునే తీరిక ఎవరికుంది? షెర్మన్ ట్యాంకుల్లో ఒక రకానికి క్రైస్లర్ ఏకంగా ఐదు కారు ఇంజన్లను ఒకచోట బిగించి 30 సిలిండర్లు చేసిచ్చింది. నవ్వొస్తుంది కానీ, నడిచింది.

మొండివన్నది నిజమే, కారణమే వేరు. సీసీకేడబ్ల్యూకి గవర్నర్, అంటే ఇంజన్ వేగం హద్దు దాటకుండా ఆపే పరికరం ఉండేది: ఇంజన్ నిమిషానికి 2,750 చుట్లు, బండి గంటకు 45 మైళ్లు. ఎంత తొక్కినా అంతకు మించి పోదు కాబట్టే మన్నింది.

అసలు తప్పు "1945 కాగానే" అనడంలో ఉంది. 1947 షెవ్రోలే ట్రక్కు బాడీ కొత్తది, చూడముచ్చటగా ఉంటుంది. బానెట్ ఎత్తితే మాత్రం యుద్ధానికి ముందు నాటి, 216 అని పిలిచే ఇంజనే. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే దాని కనెక్టింగ్ రాడ్ల అడుగున చెంచాలాంటి చిన్న ముక్క ఉంటుంది. క్రాంకు తిరిగినప్పుడల్లా అది కింది తొట్టెలోని ఆయిల్ తోడుకుని బేరింగ్‌కు అందించాలి. ఆ బేరింగ్ కూడా ఊడదీసి మార్చే షెల్ కాదు, రాడ్‌లోనే కరిగించి పోసిన బాబిట్ అనే మెత్తని లోహం. అరిగితే షిమ్‌లు (సందులో పెట్టే పల్చటి రేకులు) తీసి బిగించాలి, మరీ అరిగితే మళ్లీ పోయించాలి. రాడ్ బేరింగులకు పంపు ప్రెషర్‌తో ఆయిల్ అందడం షెవ్రోలే ట్రక్కుల్లో 1954లో గానీ రాలేదు. ఫోర్డ్ ట్రక్కుల్లో పాత ఫ్లాట్‌హెడ్ (వాల్వులు సిలిండర్ల పక్కన ఉండే పాతరకం) వీ8 ఇంజన్ కూడా 1953 దాకా ఉంది.

మిలటరీ నుంచి నేరుగా జనంలోకొచ్చిన బండి అసలు లేదా అంటే, ఉంది. 1946 డాడ్జ్ పవర్ వ్యాగన్. దాని ఫోర్ వీల్ డ్రైవ్ సైన్యం బండిదే. ఇంజనేమో డాడ్జ్ వాళ్ల పాత ఫ్లాట్‌హెడ్ సిక్స్ సిలిండరే.

యుద్ధం నేర్పిన పాఠాలు ఇంజన్ చుట్టూ కనిపిస్తాయి. 1951లో సైన్యానికి ఇచ్చిన డాడ్జ్ ఎం37 ట్రక్కులోనూ ఆ ఫ్లాట్‌హెడ్డే. కాకపోతే కరెంటు 24 వోల్టులు, ఇగ్నిషన్‌ను నీళ్లు చొరకుండా మూసేశారు, వాగులో దిగినా ఆగకుండా.