మానిటర్ వీపు మీద ఇంటూ కొట్టిన చెత్తడబ్బా గారికి

మహారాజశ్రీ చెత్తడబ్బా గుర్తు గారికి నెల్లూరు నుంచి నమస్కారాలు.

మా మానిటర్ పోయింది. బోర్లా తిప్పితే స్టిక్కర్ మీద మీరు దర్శనమిచ్చారు. చెత్తలో వేయొద్దని తమరి ఆజ్ఞ. చిత్తం, వేయం. మరెక్కడ వేయాలి స్వామీ? ఆ ఒక్క ముక్క స్టిక్కర్ మీద ఎక్కడా లేదే! మీ కింద ఉన్న నల్ల గీతకు కూడా అర్థం ఉంది, 2005 ఆగస్టు 13 తర్వాత ఐరోపా మార్కెట్లోకి వచ్చిన సరుకని. ట్రంక్ రోడ్డులో కొనుక్కున్నోడికి ఆ సంగతి దేనికి?

దుప్పట్లో చుట్టి, స్కూటర్ ముందు పెట్టుకుని, ఎండలో కొన్న షాపుకే తీసుకెళ్లా. "అమ్మడం వరకే అన్నా మా పని, పాతది కంపెనీ వాళ్లే తీసుకోవాల" అన్నాడు. కంపెనీ టోల్ ఫ్రీకి కొడితే ఒకటి నొక్కు, రెండు నొక్కు, ఆపైన సంగీతం, చివరికో అమ్మాయి పిన్ కోడ్ అడిగి "మీ ఏరియాకి పికప్ లేదు సార్, చెన్నైలో ఇవ్వండి" అంది. రానూపోనూ 300 కిలోమీటర్లకు పైమాటే. పర్యావరణం కోసం అంత పెట్రోలు తగలబెట్టాలన్నమాట! పొద్దున చెత్త బండి అక్కని అడిగితే "ఇది తడీ కాదు, పొడీ కాదు, ఇంట్లోనే పెట్టుకోండి సార్" అని విజిల్ ఊదుకుంటూ వెళ్లిపోయింది.

స్టిక్కర్ మీద మీ పక్కింటాయన, ఎనర్జీ స్టార్ గుర్తు గారు 1992 నుంచి కరెంటు ఆదా చేయిస్తున్నారు, సంతోషం. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఇచ్చే నంబర్ భూతద్దం పెట్టినా కనబడదు. సీసం, పాదరసం 0.1 శాతం దాటలేదని చెప్పే ఇంకో గుర్తుంది. తెర వెనక వెలిగే సన్న ట్యూబుల్లో మాత్రం పాదరసం ఉండొచ్చట, దానికి మినహాయింపు.

అసలు మంట ఇది కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఈ-వేస్ట్, అంటే ఎలక్ట్రానిక్ చెత్త, రూల్స్ వచ్చాయి. కంపెనీలు రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొని, పాత సరుకు రీసైకిల్ చేయించాల్సిన తమ లక్ష్యం అందుకున్నట్టు చూపించుకోవచ్చు. ఆ లక్ష్యం మొదటి రెండేళ్లూ 60 శాతం, తర్వాత 70, ఆపైన 80. ఎక్కడో ఎవరిదో మానిటర్ పగిలితే ఇక్కడ నాకు అమ్మినోడి లెక్క సరిపోతుంది! ఆ లెక్కలు చూపించే సర్కారు పోర్టల్లో అంతా పచ్చగా ఉంటుంది, నా మానిటర్ మాత్రం అటక మీద బియ్యం డబ్బా పక్కన ఉంటుంది. రూల్ పాటించావా అని అడిగేవాళ్లున్నారు గానీ, సరుకు ఏదిరా అని అడిగేవాడు ఒక్కడూ లేడు. సిగ్గుండక్కర్లా?

నీకు గీసిన ఆ రెండు గీతల సిరాతోనే ఒక అడ్రసు కూడా అచ్చేయించొచ్చు కదయ్యా!

ఆదివారం పాత సామాన్ల బండాయన వస్తాడు. నీ మొహం కూడా చూడడు, రాగి తీగ కోసం మా గేటు ముందే సుత్తితో పగలగొడతాడు, ఆ ట్యూబులతో సహా. డబ్బులు అక్కడికక్కడే ఇస్తాడు, పిన్ కోడ్ అడగడు. ఆయన్ని ఆపాలనుంటే శనివారం లోపల ఎవర్నైనా పంపించు.

ఇట్లు,
అటక మీద చోటు లేని ఒక వినియోగదారుడు