ఆకు కదలని నాడు తెరచాప

మా బావమరిది పాత సరుకుగా కొని తెచ్చిన 16 అడుగుల కటమరాన్‌ను, అంటే రెండు సన్నని పడవలను పక్కపక్కన జత కట్టినట్టుండే తెరచాప పడవను, నల్లగొండ జిల్లా వైజాగ్ కాలనీ దగ్గర, నాగార్జునసాగర్ వెనుక జలాల్లో దింపిన రోజున ఒడ్డున ఆకు కూడా కదలలేదు. తిరిగి ఇంటికి పోవడమే బుద్ధిమంతుల పని. కానీ పలుచని గాలికి తెరచాపను ఎలా సరిచేయాలో నేను మూడు రాత్రులు కూర్చుని చదివి ఉన్నాను.

మమ్మల్ని తన పుట్టితో నీటి మధ్యకు లాగిన ముసలాయనకు, కటమరాన్ అనే మాట తమిళ కట్టుమరం నుంచి వచ్చిందని దారి పొడవునా వివరించాను. విశాఖ తీరం నుంచి వలస వచ్చిన జాలరి కుటుంబం ఆయనది. తెప్పలు వాళ్ల తాతల సొత్తు. అయినా ఓపికగా విన్నాడు.

ఈ పడవ స్తంభం తన చుట్టూ తాను తిరుగుతుంది. అది తిరగకుండా బిగుసుకుని ఉంటే దాని వెనుక గాలి సుడి పడి తెరచాప ముందు భాగం దండగవుతుంది. స్తంభానికీ గుడ్డకూ మధ్య నునుపైన వంపు కుదిరేలా తిప్పితే, ఉన్న కాస్త గాలీ చెదరకుండా దాన్ని అంటిపెట్టుకుని జారిపోతుంది. కనుక స్తంభాన్ని బాగా తిప్పాను. తెరచాపను కిందికి లాగి ఉంచే తాడును సడలించి పొట్ట పెంచాను. మరీ పెద్ద పొట్టయితే నీరసపు గాలి ఆ వంపు చుట్టూ తిరగలేక మధ్యలోనే విడిపోతుందని గుర్తొచ్చి మళ్లీ తగ్గించాను. ఇంతా చేస్తే, గాలి జాడ తెలియడానికి తీగకు కట్టిన పాత క్యాసెట్ టేపు ముక్క నూనె పెట్టిన జడలా వేలాడుతూనే ఉంది. పడవ వెనుక మాత్రం బుడబుడమని చప్పుడు.

"బావా, ఇంకోసారి తిప్పు" అన్నాడు చుక్కాని పట్టుకున్న బావమరిది, పులిహోర డబ్బా మూత తీస్తూ.

వల వేసుకుంటున్న ముసలాయన ఇక ఉండబట్టలేకపోయాడు. "ఇద్దరూ ఎనక్కి కూకుంటే తోకలు మునిగి నీళ్లు ఈడుస్తాయి గదా బాబూ, ముందుకు జరగండి."

మూడు రాత్రుల చదువులో ఆ ముక్క కూడా ఉంది; ఆచరించడానికే తీరిక దొరకలేదు. నేను ముందుకు జరిగాను. బుడబుడ ఆగింది, టేపు ముక్క మెల్లగా లేచింది, పడవ నిజంగానే కదిలింది. ఆ సంతోషంలో బావమరిది కూడా డబ్బాతో సహా నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. చుక్కాని ఎవరి చేతిలోనూ లేదని మాకు తెలిసేలోపే, పడవ ముక్కు గాలికి ఎదురు తిరిగి, తెరచాప టపటపలాడి, మేము తీరిగ్గా వెనక్కి నడవసాగాము.

ముసలాయన పుట్టి తిప్పుకుని వచ్చి తాడు విసిరాడు. "ముందు ఆ గుడ్డ దించండి బాబూ, లాగడానికి అడ్డమొస్తాది."