137 ‘ఓం శాంతి’లు, 19 మంది మనుషులు

ఉగాది వేడుక ముగిసిన నాలుగు రోజులకే మన తెలుగు సంఘం సభ్యులొకరి తండ్రిగారు, ఆరు నెలలు కొడుకు దగ్గర ఉండి వెళ్దామని వచ్చిన పెద్దాయన, ఇక్కడే డాలస్‌లో కన్నుమూశారు. కబురు ఉదయం ఏడింటికి మన వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. సాయంత్రానికి దాని కింద 137 ‘ఓం శాంతి’లు చేరాయి. మధ్యలో సోనామసూరి బస్తా ధర తగ్గిందన్న ప్రకటన ఒకటి, ఎవరి పాపదో పుట్టినరోజు కేకు ఒకటి వచ్చాయి. చూడకుండా వేలు నొక్కినవారు ఇద్దరు ఆ కేకు కింద కూడా ‘ఓం శాంతి’ అన్నారు.

గురువారం ఫ్యూనరల్ హోమ్‌లో వంద కుర్చీలు వేశారు. వచ్చినవారు 19 మంది. వారిలో నేనూ ఉన్నానని చెప్పుకునే హక్కు నాకు లేదు. పురోహితులవారి కారు రిపేరుకు వెళ్ళి, ఆయనను తీసుకువచ్చే పని నా మీద పడకపోతే నేనూ ఆఫీసు మీటింగులోనే కూర్చునేవాణ్ణి. చేతులు జోడించిన బొమ్మ ముందురోజే పెట్టేశాను, పెట్టగానే పరామర్శించి వచ్చినంత తేలికపడ్డాను కూడా. పేటికను చక్రాల బండి మీద ఉంచారు కనుక మోయడానికి నలుగురి అవసరమూ రాలేదు. పదకొండు దాటాక ఆ అబ్బాయి నా దగ్గరకు వచ్చి, “అన్నయ్యగారూ, గ్రూపులో అంతమంది పెట్టారు కదా, ఇంకా వస్తారేమో, పంతులుగారిని కాసేపు ఆగమందామా?” అని అడిగాడు. 20 నిమిషాలు ఆగాము. ఎవరూ రాలేదు.

మా ఊళ్ళో చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగించనిచ్చేవారు కాదు. ఇరుగుపొరుగు ఇళ్ళనుంచే అన్నం వచ్చేది. అలాగని ఆ ఊరిని నెత్తిన పెట్టుకోను. ఎవరు వచ్చారు, ఎవరు మొహం చాటేశారు అని పెద్దకర్మ దాకా లెక్కలు కట్టేవారు, పొరుగూరికి కబురు మోసుకెళ్ళిన మనిషిని వాకిట్లోనే నిలబెట్టి పంపేవారు. అయినా ఆ లెక్కలకు జడిసైనా కాళ్ళు కదిలేవి. ఇక్కడ లెక్క వేసేది ఫోనే, దానికి బొటనవేలు చాలు.

గ్రూపు వల్ల మేలు జరగలేదని అంటే అబద్ధమవుతుంది. 2021 ఫిబ్రవరి మంచుతుఫానులో కరెంటు పోయిన కుటుంబాలను కరెంటు ఉన్న ఇళ్ళకు చేర్చింది అదే; కొద్ది నెలలకే, కరోనా రెండో విడతలో, స్వదేశంలో ఉన్న మనవారికి ఆసుపత్రి పడకల కోసం రాత్రంతా వెతికించింది కూడా అదే. అయితే ఆ రెండుసార్లూ మెసేజ్ చివర ఒక మనిషి కదిలాడు. ఇప్పుడు మెసేజ్ దగ్గరే పని పూర్తయిపోతున్నది. ఉగాది పచ్చడి సైతం నోటికి చేరేలోగా నాలుగు కోణాల్లో ఫోటోలకెక్కింది. పంచాంగ శ్రవణం వేళ ముందు వరుసలో ఎత్తిన ఫోన్లే తప్ప ముఖాలు కనిపించలేదు.

నా వరకు అలసట వచ్చేసింది. వేసవిలో మనకూ ఇంటికీ పదిన్నర గంటల తేడా కనుక, కళ్ళు తెరిచేసరికి అక్కడివారి పగలంతా ఫోన్‌లో పేరుకుని ఉంటుంది; కాఫీ చల్లారిపోయే దాకా దానిని తోడుతూ కూర్చునేవాణ్ణి. గ్రూపులన్నిటినీ ‘ఎల్లప్పుడూ’ మ్యూట్‌లో పెట్టాను, రాత్రి ఎనిమిదికి అరగంట మాత్రమే చూస్తున్నాను. ఫేస్‌బుక్ తీసేసి రెండుసార్లు మళ్ళీ పెట్టుకున్నాను, అదీ చెప్పాలి. మిగిలిన సమయంలో రోజుకు ఒకరికి ఫోన్ చేస్తున్నాను; మొదటి వారం ఎత్తినవారందరూ “ఏమైంది, అంతా క్షేమమేనా?” అని కంగారుపడ్డారు.

కార్యవర్గాన్ని కోరేది ఒక్కటే. ఆ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాయగలిగేలా మార్చండి, ఆ సౌకర్యం అందులోనే ఉంది. మరణవార్తతో పాటు ఇంటి చిరునామా, అంత్యక్రియల వేళ, ఆ ఇంటికి భోజనం అందించే బాధ్యత తీసుకున్నవారి ఫోన్ నంబరు ఉండాలి, కింద ఎవరికీ రాసే వీలు ఉండకూడదు. రాయడానికి చోటు లేకపోతే కొందరైనా బయలుదేరతారని నా ఆశ.

ఆ పెద్దాయన మాసికాలు ఇంకా నడుస్తున్నాయి. అబ్బాయి ఒక్కడే అన్నీ చూసుకుంటున్నాడు, గిన్నెలు దించడానికి మనుషులు కావాలి. చిరునామా కావలసినవారు నాకు ఫోన్ చేయండి, మెసేజ్ పెట్టవద్దు.